చెర్మా చేమిరి

నా కోడలు సొలొంగో నా భార్య చెర్మా తెచ్చిన చేమిరిని పగలగొట్టి, ఐస్ చేసి, అందరికీ పంచింది. ఇది జరిగిన విషయం. పొరపాటున చేసిందని నా కొడుకు తొమొర్ అంటాడు. గొడ్డలి మడమతో పొరపాటు చేయడం నేనెక్కడా చూడలేదు.

చేమిరి ఏ ఇంట్లోనైనా ఉంటుంది. పాలు తోడుకోవడానికి వేసే పాత పెరుగు, అంతే. మా ఇంట్లోది వేరు. చెర్మా పెళ్ళయి వచ్చేటప్పుడు కనుమ అవతలి పుట్టింటి నుంచి చెక్క కుండలో పోసుకుని, గుర్రం మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. వాళ్ళమ్మ కూడా అలాగే తెచ్చుకుందట. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలియదు. జడలబర్రె పాలలో ఒక గరిటె వేస్తే సాయంత్రానికి కత్తితో కోసేటట్టు తోడుకునేది. పులుపు నాలుకకు తగిలేది కాదు. మింగిన తరువాత గొంతు దగ్గర తెలిసేది.

చలికాలంలో మా పశువులు వట్టిపోతాయి. పాలు లేనప్పుడు చేమిరిని బతికించాలంటే గడ్డ కట్టించాలి. మంచు పడేముందు తోడుపెట్టిన ఆఖరి పెరుగును చెర్మా ఒక గిన్నెలో పోసి బయట పెట్టేది. తెల్లారేసరికి రాయి అయ్యేది. గిన్నె బోర్లించి తట్టి, బెల్లపచ్చులాగా ఊడిన దాన్ని నీలం గుడ్డలో చుట్టి, చెక్క కొట్టులో పై అర మీద పెట్టేది. వసంతంలో బర్రెలు ఈనగానే దాన్ని కరిగించి మళ్ళీ మొదలుపెట్టేది. లోయలోని ఆడవాళ్ళంతా అప్పుడు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక్కరూ దాచుకునేవాళ్ళు కారు. చెర్మా ఉంది కదా అనుకున్నారు.

చెర్మా పోయిన తరువాత ఇది రెండో చలికాలం. మొదటి వసంతంలో చేమిరి నేనే కరిగించాను. తోడుకుంది. ఎవరికీ ఇవ్వలేదు. ఇమ్మని ఎవరూ రానూ లేదు. మొన్న శరదృతువులో మళ్ళీ నేనే ఆమె గిన్నెలో గడ్డ కట్టించి, ఆమె గుడ్డలో చుట్టి, ఆమె పెట్టిన చోటే పెట్టాను.

జనవరి సెలవులకు తొమొర్ భార్యనూ కూతురునూ తీసుకుని పట్నం నుంచి వచ్చాడు. చలికాలాన్ని మేము తొమ్మిదేసి రోజులుగా లెక్కపెడతాం; మూడో తొమ్మిది నడుస్తోంది. మూడేళ్ళ ఎద్దు కొమ్ము గడ్డకట్టి విరిగిపడుతుందనే చలి. అలాంటి చలిలో నా మనవరాలు సరూల్ ఐస్ కావాలని ఏడ్చింది. పట్నంలో దుకాణంలో పెరుగూ పండ్లూ కలిపి పుల్లకు గుచ్చి అమ్ముతారట.

"బయటికెళ్ళి గుమ్మం నాకు, అంతా ఐసే" అన్నాను.

"తాతా, అది తియ్యగా ఉండదు కదా!"

"అయితే చక్కెర చల్లుకుని నాకు."

సొలొంగో నవ్వింది. "ఉండవే, నేను చేస్తాను. దుకాణంలో దానికన్నా బాగుంటుంది. మామయ్యా, కొట్లో గడ్డకట్టిన పెరుగుందా? వాడుకోనా?"

ఇలా అడిగిందట. నేను ఊ అన్నానట. ఆ సమయంలో నేను దుగర్‌తో గొర్రె మడమ ఎముకల ఆట ఆడుతున్నాను. దుగర్ మా పక్క గెర్‌లో, అంటే పక్క ఉన్ని గుడారంలో ఉంటాడు. ఇద్దరం కలిసి పశువులు కాస్తాం. ఎముకను వేలితో కొట్టేటప్పుడు మోచెయ్యి ముందుకు జరుపుతాడు. వాడి మోచెయ్యి మీద కన్నేసి ఉంచాలి. ఎవరేం అడిగారో నాకు వినబడలేదు. "నువ్వు ఊ అన్నావన్నా, నా చెవులారా విన్నాను" అని దుగర్ తరువాత సాక్ష్యం చెప్పాడు. మోచెయ్యి జరిపేవాడి సాక్ష్యానికి విలువ లేదు.

సొలొంగో కొట్టుకెళ్ళి వచ్చింది. ఒళ్ళో ఏదో పట్టుకొచ్చి పొయ్యి అవతల కూర్చుంది. గోతం మీద పెట్టి గొడ్డలి మడమతో కొట్టింది. కొట్టడం బాగానే కొట్టింది. ముక్కలు ఎగరలేదు. చితికిన దాన్ని చెక్క గిన్నెలో వేసి పొయ్యికి మరీ దగ్గర కాకుండా పెట్టి, తడిమంచులా మెత్తబడేదాకా చెక్క గరిటెతో తిప్పింది. నీళ్ళు వదిలేదాకా ఆగలేదు. గుప్పెడు మీగడ కలిపింది. ఆగస్టులో అడవిలో ఏరి చక్కెరలో దాచిన నేర్స్ పండ్లు ఆఖర్న వేసింది. నీలంగా, గోరంత ఉంటాయి. ముందే వేసి తిప్పితే చితికి పెరుగంతా రంగు దిగుతుంది. ఆఖర్న వేసి రెండుసార్లు మడిస్తే చారలు చారలుగా ఉంటుంది. చిన్న చెక్క కప్పులకు మీగడ రాసి అందులో సర్దింది. సరూల్ బెరడు తీసిన విల్లో చెట్టు పుల్లలు ఒక్కోదానిలో నిలబెట్టింది. అన్నీ పలక మీద పెట్టి బయట మంచుబండి మీదికి చేర్చారు. కుక్క రాకుండా పిల్ల కాపలా కాసింది. టీ కాగి, తాగడం అయ్యేలోపు అవి గట్టిపడ్డాయి. వేడినీళ్ళలో తడిపిన గుడ్డ కప్పుకు చుట్టి పుల్ల పట్టుకుని లాగితే ఊడి వచ్చాయి.

మొదటిది నాకు ఇవ్వబోయింది. ఏది వండినా మొదటి భాగం ఇంటి పెద్దకే.

"కొమ్ములు విరిగే చలిలో ఐస్ తింటానా? నాకింకా మతి ఉంది" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మొదటి భాగం వేరేవాళ్ళు తినకూడదు. గెర్ ఉత్తరం వైపు పెట్టె మీద చెర్మా ఫోటో ఉంది. దాని ముందున్న వెండి గిన్నెలో పుల్ల తీసేసి పెట్టింది. "అత్తయ్యా, మీరైనా తినండి" అంది. నా మీద విసురు అది.

అందరూ తిన్నారు. తొమొర్ రెండు తిన్నాడు. సరూల్ మూతి నీలంగా అయింది. దుగర్ ముందు దంతాలు లేవని వద్దన్నాడు. తరువాత ఒకటి తీసుకున్నాడు. తరువాత మూడు తిన్నాడు.

"దంతాలు లేవన్నావు, బాబాయ్" అంది సొలొంగో.

"దీనికి దంతాలెందుకమ్మాయ్, సిగ్గు లేకపోతే చాలు." పుల్ల చీకుతూ ఒక్క నిమిషం ఆగాడు. గొంతు తడుముకున్నాడు. "ఇదేందన్నా, ఇది చెర్మా వదిన పెరుగు కదా! మింగాక తెలుస్తోంది."

నేను ఎముకలు కింద పెట్టాను. లేచి కొట్టుకు వెళ్ళాను. పై అర మీద నీలం గుడ్డ ఉంది. చక్కగా నాలుగు మడతలు వేసి ఉంది. కింది అర మీద గోధుమపిండి సంచిలో మామూలు పెరుగచ్చులు అలాగే ఉన్నాయి. అవి దుగర్ ఇంటి పెరుగు. గడ్డకట్టించిన పాల అచ్చుల పక్కన పెట్టుకొమ్మని వాడే ఇచ్చాడు. సొలొంగో చెయ్యి అటు పోనే లేదు.

గుడ్డ తెచ్చి సొలొంగో ముందు వేశాను.

"ఇందులో ఉన్నదేది?"

"ఇదే మామయ్యా, చేశాను కదా. నీలం గుడ్డలో చుట్టి ఉంటే మంచిదని... పండక్కి దాచారేమో, పిల్ల కోసం కాస్త..."

"కాస్తా?"

"మొత్తం."

"అది మీ అత్త చేమిరి."

సరూల్ నోట్లో పుల్ల అలాగే ఉంది. సొలొంగో మొహం తెల్లబడింది. పట్నంలో పుట్టింది గానీ చేమిరి అంటే ఏమిటో తెలియనిది కాదు. వాళ్ళమ్మా పల్లెదే.

"నాన్నా, తెలియక..." అన్నాడు తొమొర్.

"తెలియనప్పుడు ముట్టకూడదు."

"అడిగింది కదన్నా" అన్నాడు దుగర్.

"నువ్వు మూడు తిన్నావు. నోరు మూసుకో."

వాడు నోరు మూసుకున్నాడు. వాడు మాట విన్న సందర్భం అదొక్కటే.

సొలొంగో కప్పులన్నీ ముందు వేసుకుంది. పుల్లలు ఏరి చూసింది. అన్నీ నాకేసి ఉన్నాయి. చెక్క గిన్నె సరూల్ అప్పటికే వేడినీళ్ళతో కడిగేసింది. ఎప్పుడూ గిన్నె కడగని పిల్ల ఆ రోజు కడిగింది. సొలొంగో బయటికెళ్ళి మంచుబండి చుట్టూ వెతికింది. ఒలికినదేదో ఉంటే కుక్క వదలలేదు.

"లోయలో ఎవరింట్లోనైనా ఉండదా?" అని అడిగింది లోపలికొచ్చి.

"ఎవరూ దాచలేదమ్మాయ్" అన్నాడు దుగర్. "మా ఇంట్లోది కిందటేడు మీ మామ ఇవ్వకపోతే మా తమ్ముడింటి నుంచి తెచ్చుకున్నది. పుల్లగా ఉంటుంది. దానికీ దీనికీ పోలిక లేదు."

ఆ మాట వాడు ఎందుకన్నాడో నాకు తెలుసు. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

ఉదయం సొలొంగో పొయ్యి రాజేసి టీ కాచింది. మొదటి గరిటె బయటికి తీసుకెళ్ళి నాలుగు దిక్కులా చల్లి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మామయ్యా."

నేను అటు తిరిగి కూర్చున్నాను.

"అత్తయ్య గిన్నె."

చూశాను. ఫోటో ముందు వెండి గిన్నెలో నిన్న పెట్టిన ముక్క కరిగి ఉంది. ఊదారంగు. పైన నేర్స్ పండ్లు నాలుగు తేలుతున్నాయి. రెండు గుక్కలుండొచ్చు.

"గడ్డకట్టిన చేమిరి కరిగించే కదా తోడుపెడతారు" అంది. "ఇదీ గడ్డకట్టిందే. మళ్ళీ కరిగిందే. మీగడా చక్కెరా కలిశాయి, అంతే. చావలేదేమో మామయ్యా!"

"అది ఆమెకిచ్చింది. చచ్చినవాళ్ళకు పెట్టింది వెనక్కి తీసుకుంటామా?"

"మొదటి భాగం తరువాత ఇంట్లోవాళ్ళు తింటారు కదా."

"బుద్ధుడి ముందు పెట్టింది తింటారు. ఆమెది వేరు. నువ్వు మా ఇంట్లో నాకు నేర్పకు."

అప్పుడే దుగర్ వచ్చాడు. రాత్రి వాడింట్లో వాడికీ పెళ్ళాం చేత చీవాట్లు పడ్డాయట. గిన్నె చూశాడు. సంగతి విన్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"వెనక్కి తీసుకోకన్నా. అడుగు. వదిన ఎవరినైనా లేదు పొమ్మందా? పొద్దు కుంకాక ఇచ్చేది కాదు, పొద్దున వస్తే ఎవరికైనా ఇచ్చేది. ఇప్పుడు పొద్దున్నే కదా."

"వట్టి చేతులతో అడుగుతారా?" అన్నాను.

అది అసలు విషయం. చేమిరి అడగడానికి వచ్చినవాళ్ళెవరూ ఖాళీ గిన్నెతో రారు. అడుగున ఒక ముక్క మీగడో, ఎండబెట్టిన పెరుగో వేసుకొస్తారు. ఇచ్చిన ఇల్లు తెలుపు, అంటే పాలూ పెరుగూ, లేకుండా ఉండకూడదని. తొమొర్ ఏదో అనబోయాడు. సొలొంగో వాడి చెయ్యి పట్టి ఆపింది. కొట్టుకెళ్ళి మందమైన మీగడ పొర ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. తనే పెట్టి ఉండవచ్చు. నాకే ఇచ్చింది.

నేను పెట్టె ముందుకు వెళ్ళాను. వెండి గిన్నెలో ఉన్నది వేరే గిన్నెలోకి వంచుకున్నాను. మీగడ అందులో పెట్టాను. నేనేమీ అనలేదు. చెర్మాకు మాటలు అక్కర్లేదు. ఇద్దరం మాట్లాడుకోకుండా చాలా పనులు చేసుకున్నాం.

ఒక పాల అచ్చు కరిగించి కాచాం. సొలొంగో గరిటెతో ఎత్తి ఎత్తి పోసి పొంగును అణిచింది. చిటికెన వేలు పెట్టి చూశాను. చురుక్కుమనకుండా వెచ్చగా ఉండాలి. రెండుసార్లు తొందరపడబోయింది. రెండుసార్లు ఆపాను. పలుచటి గుడ్డలో వడకట్టి పండ్లు తీసేసి, ఊదారంగు చుక్కలన్నీ పాలలో కలిపింది. మూత పెట్టి, గొర్రెతోలు కోటులో చుట్టి, పొయ్యికి తూర్పున పెట్టాం. సరూల్‌ను గంతులు వేయొద్దన్నాను. ఆ పిల్ల కాళ్ళు మడిచి కూర్చుని శ్వాస కూడా మెల్లగా తీసింది.

సాయంత్రానికి మూత తీశాం. నీళ్ళలా ఉంది.

తొమొర్ మర్నాడు పట్నం పనికి వెళ్ళాలి. ఊరి లారీ తెల్లారే బయలుదేరుతుంది.

"సామాను సర్దుకో" అన్నాడు భార్యతో.

"నువ్వెళ్ళు."

"సరూల్ బడి?"

"రెండు రోజులు పోతే చదువు ఎక్కడికీ పోదు. చేమిరి పోతే పోతుంది." కుండను తోలు కోటుతో సహా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. తన కోటు దాని మీదుగా కప్పుకుని బొత్తాలు వేసుకుంది. గర్భవతిలా కనిపించింది.

"ఇంకొకడు పుడతాడా ఏం?" అన్నాడు తొమొర్.

"పుట్టాలని మొక్కుకో" అంది.

నేను పొయ్యిలో పేడ పిడకలు వేస్తూ కూర్చున్నాను. ఆమె కూర్చునే తిన్నది. కూర్చునే కునికింది. కుండ కదలకుండా నడుం నిటారుగా పెట్టుకుంది. నన్ను కాసేపు పట్టుకొమ్మని అడగలేదు. నేనూ ఇమ్మనలేదు. తెల్లారి తొమొర్ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆమె లేచి సాగనంపలేదు. ఒళ్ళో కుండ ఉంది.

పొద్దెక్కాక బొత్తాలు విప్పి మూత తీసింది. కుండ కాస్త వంచింది. పక్కకు జారలేదు. ఒకే ముద్దగా వణికింది. లేత ఊదారంగు, అడుగున చారెడు నీళ్ళు.

"తోడుకుంది" అంది.

రుచి చూశాను. తియ్యగా ఉంది. నేర్స్ పండు వాసన. మిగతాదేమీ తెలియలేదు.

"మళ్ళీ పెట్టాలి" అన్నాను.

మళ్ళీ పెట్టాం. ఈసారి రంగు నీళ్ళు పోసినట్టు పలుచబడింది. మళ్ళీ పెట్టాం. తెల్లగా వచ్చింది. కత్తి దింపితే గీత నిలబడింది. ఒక గరిటె నోట్లో వేసుకున్నాను. నాలుక మీద ఏమీ లేదు. మింగాను. గొంతు దగ్గర తెలిసింది.

సొలొంగో నా మొహం చూస్తోంది.

"అత్తయ్యదేనా?"

గరిటె ఆమె చేతికిచ్చాను. ఆమె కూడా మింగి ఆగింది. తరువాత ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు. నేను బయటికెళ్ళి గడ్డి వేశాను.

దుగర్ ఒక గిన్నె పట్టుకుని వచ్చాడు. అడుగున మీగడ ముక్క ఉంది. మొహం మాత్రం దొంగ మొహం.

"నీ తమ్ముడింటిది ఉందిగా" అన్నాను.

"పుల్లగా ఉందన్నా. నా పెళ్ళాం మాటల్లాగా."

"మోచెయ్యి జరపనని ఒట్టు పెట్టు."

"చేమిరి కోసం ఒట్టు పెట్టమంటే పెడతాను. ఆట కోసం పెట్టను. ఆ పెట్టిన ఒట్టు ఆటలో పనికిరాదు మరి."

వాడి గిన్నెలో పోశాను.

ఆ పెరుగు నుంచి ముందు చేమిరికి తీసి గడ్డ కట్టించి, నీలం గుడ్డలో చుట్టి, పై అర మీద నేనే పెట్టాను. మిగిలినదాంతో సరూల్ మళ్ళీ ఐస్ చేయమంది. సొలొంగో నా వైపు చూసింది. నేను నేర్స్ పండ్ల డబ్బా దించి ఆమె ముందు పెట్టాను. మొదటిది నాకిచ్చింది. చలికి పళ్ళు జివ్వుమన్నాయి. తిన్నాను. మొదటి భాగం వద్దంటే ఎవరి ముందుకు పోతుందో ఇప్పుడు తెలుసు.

వాళ్ళు పట్నం వెళ్ళే రోజు పొద్దున ఇంకో అచ్చు తీసి తెల్లగుడ్డలో చుట్టి సొలొంగోకు ఇచ్చాను. ఆమె చేతులు చాపి, కుడిచేతి మోచెయ్యి కింద ఎడమచెయ్యి ఆనించి తీసుకుంది. పద్ధతిగా తీసుకుంది.

"నాకా?" అంది.

"ఒక ఇంట్లో ఉంటే ఒక గొడ్డలికి పోతుంది. రెండిళ్ళలో ఉంటే పోదు."

"నా మీద కోపం పోయిందా మామయ్యా?"

"పోలేదు."

తల ఊపింది. లారీ హారన్ కొట్టింది. సరూల్ పరిగెత్తి ఎక్కింది. సొలొంగో అచ్చును కోటు లోపల పెట్టుకోబోయింది.

"లోపల కాదు. కరుగుతుంది. బయట గోతంలో పెట్టు. ఇంటికెళ్ళాక నెమ్మదిగా కరిగించు. చిటికెన వేలితో చూసుకో. పగలగొట్టకు."

"పగలగొట్టను" అంది.

లారీ కనుమ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. పశువుల కోసం నిలబడ్డాను. అవి అటువైపే ఉన్నాయి.

వసంతంలో బర్రెలు ఈనాయి. లోయలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. పొద్దున వచ్చారు, ఖాళీ గిన్నెలతో రాలేదు. పోశాను. చేమిరి చలికాలంలో ఎలా పోయింది, ఎలా దొరికింది అని ఒక్కొక్కరూ అడిగారు. దుగర్ ఊరంతా చెప్పి పెట్టాడు. సొలొంగో చేసిన తప్పు తప్పే. కుండ పట్టుకుని కూర్చున్న మాటా నిజమే. ఒకటి ఇంకొకదాన్ని చెరపదు. అడిగినవాళ్ళకు పెరుగు ఇచ్చాను, జవాబు ఇవ్వలేదు. ఇక మీదట కూడా ఇవ్వను. ఈ సంగతి నా నోట ఇంకెవరూ వినరు.